ఆట ఆపిన మాస్టారు

పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే పెద్దవాళ్లు రిఫరీ మీద అరవడం డల్లాస్‌లోనూ చూశాను, విజయనగరంలోనూ చూశాను. ట్రావెలింగ్ (బంతిని నేలకి కొట్టకుండా పట్టుకుని నడవడం) ఇవ్వలేదనో, ఫౌల్ తప్పనో గోల చేస్తే చేసుకోనివ్వండి. పిల్లలకి దెబ్బ తగులుతుందని ఆయన ఆట ఆపినప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తకూడదు. ఈ విషయంలో నాది గట్టి పట్టు.

మా అమ్మ ఒప్పుకునేది కాదు. డల్లాస్‌లో మా పెద్దమ్మాయి స్కూల్ మ్యాచ్‌కి వచ్చినప్పుడు, రిఫరీ పిల్ల చెవి కమ్మలు, చేతికున్న నల్లతాడు తీసెయ్యమన్నాడు. అక్కడి హైస్కూల్ ఆటల్లో నగలు పెట్టుకోకూడదు. ఎవరి వేలైనా కమ్మకి తగులుకుంటే చెవి తెగుతుందని చెప్పాను. "బోసి చెవులేటే? దిష్టికి కట్టిన తాడు కూడా తీసేత్తారా! మీ దేశంలో అన్నిటికీ భయమే" అంది.

ఆ రోజే రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడకుండా వెనక్కొచ్చిన బంతి కోసం, ఎగిరిన ఒక పిల్ల వెల్లకిలా పడింది. తల నేలకి తగిలింది. వెంటనే లేచి నవ్వింది కూడా. కానీ రెండడుగులు తప్పు బుట్ట వైపు నడిచింది. రిఫరీ అది చూసి బయటికి పంపేశాడు. తండ్రి మన తెలుగాయనే, "బాగానే ఉంది కదండీ" అని బతిమాలాడు. రిఫరీ వినలేదు, వినకూడదు కూడా. తలకి ఏమైందో తేల్చడం ఆయన పని కాదు. తికమక, తూలడం, తల తిరగడం లాంటి గుర్తు కనిపిస్తే చాలు, బయటికి పంపాలి. వైద్యులు సరేనంటేనే మళ్లీ ఆట. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలకి దెబ్బ తగిలాక మళ్లీ ఆడి, చావు దాకా వెళ్లొచ్చాడు. 2009లో అతని పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది.

జూన్‌లో విజయనగరం వెళ్లినప్పుడు మా పిల్ల మా వీధి పిల్లలతో మ్యాచ్ ఆడింది. సిమెంటు కోర్టు. డ్రిల్ మాస్టారే రిఫరీ. మొదలెట్టే ముందు కోర్టంతా నడిచి, ఇసుక ఉన్నచోట చెప్పుతో రాసి చూసి ఊడ్పించారు. గీతకి ఆనించి పెట్టిన బైకు తీయించారు. తర్వాత పిల్లల చేతులు, చెవులు చూసి, "కమ్మలు తియ్యమ్మా" అన్నారు. మా అమ్మ కిక్కురుమనకుండా తీసి కొంగున ముడేసుకుంది. అమెరికా భయం అనుకున్నది మాస్టారి నోట వచ్చేసరికి పద్ధతి అయిపోయింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చినా, సంతోషమే ఎక్కువ.

రెండో సగంలో మావాళ్లు బంతితో ఒంటరిగా దూసుకుపోతున్నారు. వెనకాల అవతలి జట్టు అబ్బాయి ఒకడు ఎవరిదో మోచెయ్యి తగిలి కూలబడ్డాడు. మామూలుగా అయితే చేతిలో ఉన్న షాట్ అయ్యేదాకా ఆగాలి, కానీ గాయపడినవాణ్ణి కాపాడాలనిపిస్తే అప్పటికప్పుడు ఆపే అధికారం మన దేశంలో పాటించే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లోనూ ఉంది. మాస్టారు విజిల్ ఊదారు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది.

"రెండు పాయింట్లు పోయాయి కదండీ మాస్టారూ!" అని మా అన్నయ్య కేకేశాడు.

"మావయ్యా, వాడికి రక్తం వస్తోంది" అంది మా పిల్ల, కోర్టులోంచే.

ఆ మ్యాచ్ మావాళ్లు ఓడిపోయారు. కుర్రాడికి రెండు కుట్లు పడ్డాయి. బుట్ట కింద ఉన్న ఇనుప స్తంభానికి పాత స్పాంజి పరుపు చుట్టించమని మాస్టారు అడిగితే, ఆ ఖర్చు అన్నయ్యే పెట్టుకున్నాడు.