పాత క్వాట్రోపోర్టే కొనేముందు గేర్ లివర్ చూడండి

కొత్తలో లక్ష డాలర్లు దాటిన మసెరాటి క్వాట్రోపోర్టే ఇప్పుడు అమెరికాలో ఓ మోస్తరు పాత క్యామ్రీ ధరకే దొరుకుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో రోజూ ఆఫీసుకు వేసుకెళ్దామని చాలామందికి మనసు లాగుతుంది. బండి ధర పడిపోయింది గానీ స్పేర్ పార్టుల ధర అలాగే ఉంది. బేరం మొదలుపెట్టే ముందే ఈ సంగతి గుర్తుండాలి.

నేను చెప్పేది 2004 నుంచి 2012 మోడళ్ల దాకా నడిచిన ఐదో తరం గురించి. బాడీ పినిన్‌ఫరీనా డిజైను, వీ8 ఇంజన్ ఫెరారీ తయారీ. కొన్నేళ్లకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు ఉండదు, చెయిన్లే. అంతవరకు నిశ్చింత.

ముందు గేర్ లివర్ దగ్గర 'పి' (పార్క్) ఉందో లేదో చూడండి. లేకపోతే అది డ్యుయోసెలెక్ట్ అనే గేర్‌బాక్స్. క్లచ్ పెడల్ కనిపించదు గానీ లోపల ఉన్నది మాన్యువల్ క్లచ్చే. దాన్ని హైడ్రాలిక్ పంపు నొక్కి వదులుతుంది. ట్రాఫిక్‌లో అడుగడుగు పాకించినప్పుడల్లా, ఎత్తుమీదకి రివర్స్ తీసినప్పుడల్లా క్లచ్ సగం పట్టి జారుతూ అరిగిపోతుంది. మార్పించాలంటే వేల డాలర్ల పని. డ్రైవర్ తలుపు తెరిచినప్పుడు వెనక నుంచి పంపు కాసేపు గుయ్యిమని ఆగాలి. నడుపుతుంటే మాటిమాటికీ మోగుతోందంటే ఆ హైడ్రాలిక్ ప్రెషర్‌ని నిలవ ఉంచే అక్యుములేటర్ నీరసించినట్టు. క్లచ్ ఎంత శాతం అరిగిందో స్కానర్‌తో చదివించి కాగితం మీద తీసుకోండి.

రోజువారీ వాడకానికైతే 2007 నుంచి వచ్చిన ఆరు గేర్ల జడ్‌ఎఫ్ (జర్మన్ గేర్‌బాక్స్ కంపెనీ) ఆటోమేటిక్ తప్ప వేరేది వద్దు. 4.2 లీటర్ల ఆటోమేటిక్ బండికి ఇంజన్ కవర్లు నీలం రంగులో ఉంటాయి. 2009 మోడల్ నుంచి వచ్చిన 4.7 లీటర్ల 'ఎస్' దొరికితే ఇంకా మంచిది. ఈ గేర్‌బాక్స్‌లో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదనే మాట నమ్మకండి. 50 నుంచి 75 వేల మైళ్ల మధ్య మార్చాల్సిందే. కింది ప్లాస్టిక్ ప్యాన్‌లోనే ఫిల్టరు కలిసి ఉంటుంది, అందుకని రెండూ ఒకేసారి మారతాయి. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి 30-50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. వైరింగ్ కనెక్టర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ స్లీవ్ దగ్గర లీకు మామూలే. ప్యాన్ విప్పినప్పుడే అదీ మార్పించేస్తే పని కలిసొస్తుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ముందురోజు రాత్రి నుంచీ బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లే అసలు పరీక్ష. ఆయిల్ ప్రెషర్ అందేలోపు ముందువైపు నుంచి గడగడమని చప్పుడొస్తే క్యామ్ వేరియేటర్లని, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగాల్ని, అనుమానించాలి. అవి బాగుచేయాలంటే టైమింగ్ కవర్ విప్పాలి, క్యామ్‌లను బిగించి పట్టే ప్రత్యేక పనిముట్లుండాలి. లేబరే నడుం విరుస్తుంది.

తర్వాత లిఫ్ట్ ఎక్కించి ముందు చక్రాల బాల్ జాయింట్లు, బుష్‌లు, స్కైహుక్ డ్యాంపర్ల (ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్ల) మీద ఆయిల్ తడి చూపించుకోండి. టైర్ల లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే బుష్‌లో, అలైన్‌మెంటో తేడా. ముందు 245, వెనక 285 లేదా 295 వెడల్పు కాబట్టి టైర్లను ముందువెనకలు మార్చడం కుదరదు. ఈ బండ్లు తెలిసిన మెకానిక్ చేత చూపించడానికి వెనకాడితే, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

మైళ్లు తక్కువని మురిసిపోకండి. గరాజ్‌లో నెలల తరబడి నిలబడ్డ బండికి బ్యాటరీ చచ్చిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి. ఏటా ఆయిల్ మార్చిన రశీదులున్న 60 వేల మైళ్ల బండి, రశీదుల్లేని 20 వేల మైళ్ల బండి కన్నా నయం.

లోపల కూర్చున్నాక విండో బటన్ మీద వేలు పెట్టి తీయండి. బెల్లంపాకంలా అంటుకుని వేలికి నల్లగా మసి వచ్చిందంటే పైపూత కరిగిపోతోంది. ఇది దాదాపు ప్రతి బండికీ ఉన్న జబ్బే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది నెమ్మదిగా తుడిస్తే పోతుంది. గట్టిగా రుద్దితే మాత్రం బటన్ మీది గుర్తులూ చెరిగిపోతాయి.