అమ్మ మందుల కవరు

మూడు వారాలుగా అమ్మకు లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. ఎండల వల్లే అనుకున్నాం. మొన్న ఆర్కే బీచ్‌లో నడుస్తూ ఉన్నట్టుండి నా భుజం పట్టుకుని కూలబడిపోయింది.

ఆ రాత్రి మందుల కవరు మంచం మీద గుమ్మరించాను. షుగర్, బీపీకి గాజువాకలో ఒక డాక్టరు, గుండెకు మహారాణిపేటలో ఒకరు, మోకాళ్లకు మరొకరు. రెండు స్ట్రిప్పుల మీద పేర్లు వేరు, వెనక చిన్న అక్షరాల్లో మాత్రం ఒకటే బీపీ మందు: టెల్మిసార్టాన్ 40. ఒకదాంట్లో ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కూడా కలిసి ఉంది. అమ్మ రోజూ రెండూ వేసుకుంటోంది!

మనంతట మనం ఆపడం మంచిది కాదని పొద్దున్నే గుండె డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. బీపీ 94/60, బాగా తక్కువ. టెల్మిసార్టాన్ ఒకటి తీసేశారు. మోకాళ్ల నొప్పి మాత్ర ఎసిక్లోఫెనాక్ చూసి ఇంకా కంగారుపడ్డారు. రక్తం గడ్డకట్టకుండా అమ్మ వాడే క్లోపిడోగ్రెల్‌తో అది కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చట, కిడ్నీలకూ మంచిది కాదట.

డాక్టర్లను ఏమనగలను? ఒకరి చీటీ ఇంకొకరికి మేమే చూపించలేదు. పిన్ని పంపిన చూర్ణం సంగతైతే ఎవరికీ చెప్పనేలేదు.

ఇప్పుడు అన్ని మందుల అసలు పేర్లు, డోసులు, చూర్ణంతో సహా, ఒకే కాగితం మీద రాసి అమ్మ పర్సులో పెట్టాను. ఈ రోజు కళ్లు తిరగలేదంది.