బిడ్డ పుట్టాడని ఇచ్చిన వజ్రాల హారం

మా అమ్మాయి పురుటికని అమెరికా వెళ్ళాను. మనవడికి రెండో నెల నిండాక ఒక ఆదివారం అమ్మాయి నన్ను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి తీసుకెళ్ళింది. ప్రవేశ రుసుము లేదు. "ముందు మన వజ్రం చూద్దువుగాని, రా అమ్మా" అంటూ నేరుగా రెండవ అంతస్తుకు నడిపించింది. మన వజ్రమంటే హోప్ వజ్రం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే 45.52 క్యారెట్ల నీలి రాయి. దాని చుట్టూ ఒకటే జనం. కళ్ళారా చూశాను, సంతోషించాను. కానీ నా కాళ్ళు ఆగిపోయింది మాత్రం నెపోలియన్ హారం దగ్గర.

1811 మార్చి 20న నెపోలియన్‌కు కొడుకు పుట్టాడు. ఆడపిల్లయితే 21, మగపిల్లాడయితే 101 ఫిరంగులు మోగాలన్నది ఏర్పాటు. ఇరవై రెండోది మోగగానే పారిస్ అంతా కేరింతలు కొట్టిందట. ఆ ఆనందంలో చక్రవర్తి తన భార్య మరీ లూయిజ్‌కు ఈ హారం కానుకగా ఇచ్చాడు. చేసింది నితో (Nitot) అనే పారిస్ నగల వర్తకుడు. వెండి, బంగారాల్లో పొదిగిన 234 వజ్రాలు, మొత్తం 263 క్యారెట్లు. మెడ చుట్టూ 28 పెద్ద రాళ్ళు, వాటి కింద నీటిబొట్లలా వేలాడే వజ్రాలు. దక్షిణాఫ్రికా గనులు ఇంకా బయటపడని కాలమది. అప్పట్లో వజ్రాలంటే మన దేశానివి, లేకపోతే బ్రెజిల్‌వి. అద్దానికి మొహం ఆనించి, వీటిలో మనవి ఏవో అని వెతుక్కున్నాను.

మూడేళ్ళకే సామ్రాజ్యం కూలింది. హారం మరీ లూయిజ్ సొంత ఆస్తి కాబట్టి ఆమె పుట్టిల్లయిన ఆస్ట్రియా రాజధాని వియన్నాకు వెంట వెళ్ళింది. తర్వాత ఆమె ఇటలీలోని పార్మాకు పాలకురాలిగా వెళ్ళిపోయింది, పిల్లవాడు వియన్నాలో తాతగారి దగ్గరే ఉండిపోయాడు. 1832లో, 21 ఏళ్ళకే, క్షయతో పోయాడు. ఎవరి పుట్టుకకు ఈ హారం వచ్చిందో అతను పోయిన తర్వాత కూడా 15 ఏళ్ళు ఇది తల్లి దగ్గరే ఉంది. ఆమె దీన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఏమనుకునేదో! నాకు గొంతు పట్టేసింది.

ఆమె తర్వాత హారం మరదలు సోఫీకి చేరింది. పొడవు తగ్గించడానికి సోఫీ రెండు రాళ్ళు తీయించి చెవులకు చేయించుకుంది. 1929లో ఆ ఆస్ట్రియా రాజవంశపు మరియా థెరీసా దీన్ని అమ్మకానికి న్యూయార్క్ పంపితే, మధ్యవర్తులు 60,000 డాలర్లకు అమ్మి, అందులో 53,730 డాలర్లు ఖర్చులకే అయ్యాయన్నారు! ఆమె కోర్టుకెక్కి హారాన్ని వెనక్కి తెచ్చుకుంది. చివరికి ఇది అమెరికా సంపన్నురాలు మార్జరీ మెరివెదర్ పోస్ట్ చేతికి వచ్చింది. 1962లో ఆమె మ్యూజియానికి ఇచ్చేసింది. ఇక్కడికి వచ్చిందీ కానుకగానే.

"ఏమిటమ్మా లెక్కపెడుతున్నావు?" అంది అమ్మాయి. సోఫీ తీయించిన రెండూ ఎక్కడివో చూస్తున్నానన్నాను. ఆ రెండు రాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. హారంలో మాత్రం ఆ వెలితి ఎక్కడా కనిపించలేదు. ఇంతలో మనవడు లేచి ఏడుపు అందుకున్నాడు. అమ్మాయి వాణ్ణి ఎత్తుకుని పాలివ్వడానికి ఓ మూల కూర్చుంది. నేను మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళి మొదటి రాయి నుంచి లెక్క మొదలుపెట్టాను.