గరిక పెంచే ఉద్యోగం

దోహాలో ఏం పని చేస్తున్నావని నాయన అడిగితే మొదట్లో తిన్నగా చెప్పలేకపోయేవాణ్ణి. గ్రౌండ్స్‌మన్ అంటే ఆయనకు ఎక్కలేదు. "ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో గడ్డి పెంచుతాను నాయనా" అన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. "ఏం గడ్డిరా?" అన్నాడు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. "ఇది గరిక గదరా! నేనూ మీయమ్మా గట్ల మీద పీకి పీకి చచ్చాం. దాన్ని పెంచేదానికి అంత దూరం పొయ్యావా?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని డబ్బు పోసి తెచ్చుకునేది మన గరిక జాతే. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరికే, కాకపోతే ఆకు సన్నగా, ఒత్తుగా వచ్చేలా సంకరం చేసిన రకం. కోవూరు పక్క పల్లెలో వరి పొలాల మధ్య పుట్టినోణ్ణి కాబట్టి నీళ్లు, ఎరువు, తెగులు నాకు కొత్త కాదు. కొత్తదల్లా ఏమిటంటే ఈ పంట ఇంటికి రాదు. కోస్తూనే ఉంటాం, పాతిక మిల్లీమీటర్ల ఎత్తు దాటనివ్వం. తర్వాత ఇరవై రెండు మంది స్టడ్స్ బూట్లతో తొక్కేస్తారు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

2022 వరల్డ్ కప్ అప్పుడు ఇక్కడ ఒక్కో గ్రౌండ్‌కు చలికాలంలో రోజుకు 10,000 లీటర్లు, ఎండాకాలంలో 50,000 లీటర్ల నీళ్లు పడతాయని వార్తల్లో వచ్చింది. అదీ సముద్రం నీళ్లు ఉప్పు తీసి. నాయనకు చెబితే ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన ముందు గ్రౌండ్ ఎంతని అడిగాడు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అన్నాను. లెక్క కట్టి, "ఎకరా డెబ్బై ఆరు సెంట్లు. దానికి ఆ నీళ్లేం జాస్తి, వరికైతే మడి తడవను గూడా చాలవు" అని తేల్చేశాడు. కాలవ చివరి భూముల రైతు ముందు నీళ్ల గొప్పలు చెప్పకూడదు.

నేను పనిచేసేది స్టేడియంలో కాదు, ఒక ప్రాక్టీస్ గ్రౌండ్‌లో. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. అందుకని ఆ నెలల్లో తెల్లవారుజామున నాలుగుకే గ్రౌండ్‌లో ఉంటాం.

నేల గట్టిదనం చూడటానికి మా దగ్గర క్లెగ్ హ్యామర్ అని ఒకటుంది. నిలబెట్టిన గొట్టంలో 2.25 కిలోల బరువును 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేల ఎంత గట్టిగా ఉందో అంకె చూపిస్తుంది. బంతి ఎంత దూరం దొర్లుతుందో, ఎంత ఎత్తు ఎగురుతుందో కూడా కొలుస్తాం. అంకెలు బాగుంటే గ్రౌండ్ బాగున్నట్టేనని చాలాకాలం అనుకున్నాను. అది సగమేనని నాకు తెలిసింది ఒక స్ప్రింక్లర్ వల్ల.

రెండేళ్ల కిందట ఒక రాత్రి దాని వాల్వ్ ఇరుక్కుపోయి తెల్లవార్లూ నీళ్లు కారాయి. ఆ రాత్రి చూసుకోవాల్సింది నేనే, చూసుకోలేదు. పొద్దున చూస్తే పెనాల్టీ బాక్స్ అంచున నులకమంచమంత జాగా చిత్తడి. పైకి పచ్చగానే ఉంది, అడుగు వేస్తేనే తెలుస్తుంది. మేం గుర్తు పెట్టేలోపే ఒక డిఫెండర్ దాని మీద జారాడు. పెద్ద దెబ్బేం కాదు, లేచి మోకాలు రుద్దుకున్నాడు. కానీ అంతకు ముందు ఏడాదే ఆ మోకాలికి ఆపరేషన్ అయింది. నాకు గుండె జారిపోయింది.

ఆ ముక్క కోసి తీసేసి, ఇసుక నింపి, కొత్త గడ్డి పలక పరిచాం. రెండు మూడు వారాలకు వేళ్లు దిగాయి. హ్యామర్ పెట్టి చూస్తే మిగతా నేల ఎంతో అదీ అంతే. నా మటుకు నాకు పని అయిపోయింది.

అతనికి మాత్రం కాలేదు. రోజూ ప్రాక్టీస్‌కు ముందు అక్కడికొచ్చి మడమతో నాలుగుసార్లు నొక్కేవాడు. నా వైపు చూసి "జైన్?" అనేవాడు, బాగుందా అని అరబీలో. నేను బొటనవేలు చూపించి "జైన్, జైన్" అనేవాణ్ణి. తల ఊపేవాడు. ఆట మొదలయ్యాక బంతి అటు వస్తే మాత్రం రెండడుగులు పక్కకు జరిగి తీసుకునేవాడు. అతని పక్కన ఆడేవాళ్లు కూడా బంతిని ఆ చోటికి వెయ్యకుండా చుట్టు తిప్పి ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకడు అతను జారిన రోజు గ్రౌండ్‌లోనే లేడు. కోచ్ అరిచేవాడు, నేను గట్టు మీద నిలబడి చూస్తూ తిట్టుకునేవాణ్ణి. నేల మూడు వారాల్లో కోలుకుంటే మనుషులకు మూడు నెలలు పట్టింది.

మా పొలంలో ఒక ఏడాది తూర్పు గట్టు మీద పాము కనిపించింది. నాయన దాన్ని ఒక్కసారే చూశాడు, ఆ తర్వాత అది లేదు. అయినా ఆ పంట కోతకొచ్చేదాకా ఆయన నీళ్లు పెట్టడానికి చుట్టు తిరిగి పడమర నుంచే పోయేవాడు. డిఫెండర్‌ను చూసినప్పుడల్లా నాకు లాంతరు పట్టుకున్న నాయనే గుర్తొచ్చేవాడు.

కాళ్ల కింద నేల మీద నమ్మకం ఉన్నవాడు తల పైకెత్తి ఆడతాడు. బంతి కాలి దగ్గరికి వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసుకుంటాడు. నమ్మకం లేనివాడి కళ్లు బంతి మీదే ఉంటాయి, ఎక్కడ ఎగిరిపడుతుందోనని. ఒక్కసారి తాకి ఇచ్చేచోట రెండుసార్లు ఆపుకుంటాడు. ఆలోపు అవతలివాడు మీదికొస్తాడు. బయటికి అది గాబరాలా, చేతకానితనంలా కనిపిస్తుంది.

2006 అక్టోబర్ 11న జాగ్రెబ్‌లో క్రొయేషియా, ఇంగ్లండ్ మ్యాచ్. ఇంగ్లండ్ డిఫెండర్ గ్యారీ నెవిల్ తన గోల్‌కీపర్ పాల్ రాబిన్సన్‌కు మామూలుగా వెనక్కి పాస్ ఇచ్చాడు. రాబిన్సన్ కాలు ఊపేసరికి బంతి నేల మీది ఎగుడుకు తగిలి పైకి లేచింది. కాలు గాల్లో పోయింది, బంతి గోల్‌లోకి పోయింది. క్రొయేషియా 2-0తో గెలిచింది. ఆ వీడియో మా రూమ్‌లో ఎవరు చూసినా గోల్‌కీపర్‌ను చూసి నవ్వుతారు. నేను మాత్రం గడ్డిని చూస్తాను. ఇంకోటి, అలాంటి గోల్ ఒకటి పడ్డాక గ్యాలరీ మారిపోతుంది. గోల్‌కీపర్‌కు పాస్ వెళ్లిన ప్రతిసారీ వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. ఆ నిశ్శబ్దం కింద ఉన్నవాడికి వినిపిస్తుంది. వాళ్ల టెన్షన్ వీడికి, వీడి టెన్షన్ వాళ్లకు.

గ్రౌండ్ బాలేదంటే మనవాళ్లు వెంటనే 'ఆడలేక మద్దెల ఓడు' అంటారు. అందుకే ఓడినవాడు నోరు తెరవడు. 2024 జూన్‌లో అమెరికాలోని అట్లాంటాలో కోపా అమెరికా ఫుట్‌బాల్ టోర్నీ మొదటి మ్యాచ్ ఆడి కెనడాను 2-0తో ఓడించింది అర్జెంటీనా. అక్కడ మామూలుగా ఉండేది కృత్రిమ గడ్డి. దాని మీద అసలు గడ్డి పలకలు మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే పరిచారు. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్, కోచ్ స్కలోనీ ఇద్దరూ గ్రౌండ్‌ను తిట్టిపోశారు. గెలిచి తిట్టారు కాబట్టి వాళ్ల మద్దెలను ఎవరూ ఎత్తిపొడవలేకపోయారు. నాకైతే ఆ రోజు ఆ గడ్డి పరిచిన కుర్రాళ్ల మీదే జాలేసింది. వేళ్లు దిగడానికి కావాల్సిన రోజులు వాళ్ల చేతిలో ఉండవు గదా.

నేను నెల్లూరులో కాలేజీ టీమ్‌కి ఆడేవాణ్ణి. మేం ఆడిన గ్రౌండ్ పేరు చెప్పను. ఎగ్జిబిషన్ వచ్చినా, మీటింగ్ వచ్చినా దాంట్లోనే. వాళ్లు పోయాక రాటలు పాతిన గుంటలు అట్టాగే ఉండేవి. నేల మీద పాస్ ఇస్తే ఎటు పోతుందో ఇచ్చినవాడికే తెలీదు. అందుకని అందరం బంతిని పైకి కొట్టేవాళ్లం. చూసేవాళ్లు కూడా దానికే అలవాటు పడ్డారు. ఎంత ఎత్తు కొడితే అన్ని ఈలలు. కేరళ నుంచి వచ్చి చదువుకునే కుర్రాడొకడు నేల మీద చిన్న చిన్న పాసులు ఇవ్వబోతే, "ఏందబ్బా ఆ గోళీలాట!" అని గట్టు మీద నుంచి అరిచారు. నెల తిరిగేసరికి వాడూ పైకి కొట్టాడు. మా జనానికి ఆట తెలీక కాదు, గుంటలు నేర్పిన ఆట అది.

పోయిన సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు అటు పోయాను. సాయంత్రం పిల్లలు ఆడుతున్నారు. పెనాల్టీ స్పాట్ పక్కనే జానెడు లోతు గుంట. పాత అలవాటు, చేతులు ఊరుకోవు. గోడ పక్కన మట్టి చేట్లో ఎత్తుకొచ్చి పోసి కాలితో తొక్కబోయాను. గోల్‌లో ఉన్న పిల్లాడు పరిగెత్తుకొచ్చాడు.

"పూడ్చబాకన్నా! ఆ గుంట మాకు తెలుసులే. రేపు వచ్చేది కావలి టీమ్. వాళ్లకి తెలీదు."

చేట పక్కన పెట్టేశాను.