బ్రిడ్జి రాగానే అమ్మ లేచి నిలబడింది

"అదిగో, గోదారి!" అంటూ టీవీకి దణ్ణం పెట్టేసింది అమ్మ. చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి.

దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుల మీద డాక్యుమెంటరీ అది. 4,000 కిలోమీటర్ల పైమాట, మూడు రోజులు దాటే ప్రయాణం. కేరళలో పనికి వెళ్తున్న అస్సాం కుర్రాళ్లు, పై బెర్తు మీంచి వేలాడుతున్న తడి తువ్వాలు, ఎవరిదో ఫోన్లో పాట. రాజమండ్రి దాటి రైలు ఆర్చి బ్రిడ్జి ఎక్కింది. ఆ కుర్రాళ్లలో ఒకడు కిటికీ ఊచలకి నుదురు ఆనించి, నీళ్లు అయిపోయేదాకా అలా చూస్తూనే ఉన్నాడు.

రెండున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది లెండి. 1997 నుంచి రైళ్లు నడుస్తున్నాయి దాని మీద. నేను ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. చాలాసార్లు ఫోన్ చూసుకుంటూనే.

"పాపం, రూపాయి బిళ్ల వెయ్యాలని వాడికెవరూ చెప్పలేదేమో" అంది అమ్మ. చెప్పినా, వాడి ఊరి పక్కన బ్రహ్మపుత్ర ఉంది కదమ్మా అన్నాను. ఒప్పుకోలేదు. నది నదేనట, మర్యాద మర్యాదేనట.

తమాషా ఏంటంటే, మా అమలాపురానికి ఇంకా రైలే లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం లైను పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి.

"సంక్రాంతి వెళ్లాక ఎక్కడికైనా వెళ్దామా, దూరంగా?" అని అడిగింది ఇందాక, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ. కిటికీ సీటు తనకేనట.