తీసేసిన నోడ్ ఇంకా పలుకుతూనే ఉంది

శనివారం రాత్రి పదకొండింటికి ఏ అప్‌డేటూ ముట్టుకోకూడదని నాకు బాగా తెలుసు, తెలిసే ముట్టుకున్నా. చిన్న కమాండ్ లైన్ టూల్ ఒకటి ట్రై చేద్దామని దింపితే అది మొదటి లైన్‌లోనే నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రామ్) 18 గానీ ఆపైది గానీ కావాలంది, నా దగ్గరున్నది 16. ఇదేముంది ఐదు నిమిషాల పని అనుకుని 20 ఇన్‌స్టాలర్ తెచ్చుకుని నెక్స్ట్ నెక్స్ట్ ఫినిష్ కొట్టేసి, కొత్త టెర్మినల్ తెరిచి వెర్షన్ అడిగితే 16 అంది. సరే ఎక్కడో తేడా జరిగిందిలే అని ఇంకోసారి ఇన్‌స్టాల్ చేశా. మళ్లీ 16.

అప్పుడు అందరం చేసే పనే నేనూ చేశా, కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి నోడ్‌ని మొత్తంగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, మెషిన్ రీస్టార్ట్ చేసి, లిస్టులో నోడ్ అన్న పేరే లేదని రెండుసార్లు చూసుకుని, ఊరికే సరదాకి టెర్మినల్‌లో వెర్షన్ అడిగా. 16 అని నింపాదిగా చెప్పింది. లిస్టులో లేనిది, నేనే చేతులారా తీసేసింది, నాకు జవాబు చెప్తోంది. నిజం చెప్పాలంటే అప్పుడు భయం కంటే నవ్వొచ్చింది.

అసలు అప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నేను అది గంట తర్వాత గానీ అడగలేదు. ఈ పలికేది ఎక్కడ్నుంచి పలుకుతోంది? విండోస్‌లో దీనికి వేర్ అని ఒక కమాండ్ ఉంది, దాని పక్కన నోడ్ అని కొడితే పాత్‌లో, అంటే కమాండ్ కొట్టగానే ప్రోగ్రామ్ కోసం విండోస్ వరసగా వెతికే ఫోల్డర్ల లిస్టులో, ఆ పేరుతో ఎన్ని ఉంటే అన్నీ వరసగా చూపిస్తుంది, మొదట వచ్చిందే నిజంగా రన్ అయ్యేది. కానీ ఇక్కడొక మెలిక ఉంది, నేను వాడేది పవర్‌షెల్ అనే ఇంకో రకం కమాండ్ విండో, అందులో వేర్ అంటే ఇంకో పని చేసే వేరే కమాండ్‌కి ముద్దుపేరు, అందుకే నేను కొడితే ఏమీ చూపించకుండా, ఎర్రర్ కూడా ఇవ్వకుండా గమ్మున కిందికి వచ్చేసింది. ఓహో నోడ్ ఎక్కడా లేదన్నమాట అని నేను ఇంకా కంగారుపడ్డా. పవర్‌షెల్‌లో అయితే వేర్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తి పేరు కొట్టాలి. కొట్టాక ఒకే ఒక్క లైన్ వచ్చింది, డీ డ్రైవ్‌లో టూల్స్ అనే ఫోల్డర్, అందులో నోడ్ 16.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఎన్నో నెలల కింద ఏదో పాత ప్రాజెక్ట్ కోసం నేనే జిప్ ఫైల్ తెచ్చి అక్కడ విప్పి, సిస్టమ్ పాత్‌లో అన్నిటికంటే పైన పెట్టుకున్నా, పెట్టి శుభ్రంగా మర్చిపోయా. ఇన్‌స్టాలర్ పాపం తన పని తను చేసింది, కొత్త నోడ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి పాత్‌లో కూడా ఎక్కించింది, కానీ దాని వంతు వచ్చేలోపే నా జిప్ వెర్షన్ దొరికిపోతోంది. అన్‌ఇన్‌స్టాలర్ కూడా తను పెట్టింది తను తీసుకెళ్లింది, నేను పెట్టిన దాని గురించి దానికేం తెలుసు. అంటే నేను పన్నెండు దాకా చేసిన అన్‌ఇన్‌స్టాల్, రీఇన్‌స్టాల్, రీస్టార్ట్ మొత్తం అసలు సమస్య లేని చోట చేసినవే.

ఇక్కడితో ఆపి ఉంటే ఈ పోస్ట్ ఉండేది కాదు. పాత్‌లో ఆ ఒక్క లైన్ తీసేస్తే అయిపోయేదానికి నేను కమాండ్‌తో చేద్దాం స్టైల్‌గా ఉంటుంది అని పాత్ లాంటి సెట్టింగులు మార్చే సెట్ఎక్స్ అనే కమాండ్ వాడా. కొత్త నోడ్ ఫోల్డర్ ముందు పెట్టి, వెనక ఇప్పుడున్న పాత్ మొత్తం తగిలించి ఎంటర్ కొట్టా. సేవ్ చేసే డేటాని 1024 అక్షరాలకి కత్తిరిస్తున్నాం అని ఒక హెచ్చరిక కూడా వచ్చింది, దాని పక్కనే సక్సెస్ అని ఉంది కదా, మన కంటికి సక్సెసే కనిపిస్తుంది.

ఏం జరిగిందో తర్వాత నెమ్మదిగా అర్థమైంది. విండోస్‌లో పాత్‌లు రెండు, సిస్టమ్‌ది ఒకటి, యూజర్‌ది ఒకటి, టెర్మినల్ తెరిచినప్పుడు సిస్టమ్‌ది ముందు, యూజర్‌ది వెనక పెట్టి రెండూ కలిపి ఒకటిగా ఇస్తుంది. నేను ఆ కలిపిన దాన్ని మొత్తం తీసుకెళ్లి యూజర్ పాత్‌లో కుక్కా, అదీ 1024 అక్షరాల దగ్గర తెగింది. తెగేది ఎప్పుడూ తోక వైపే కదా, ఆ తోకలో ఉన్నవే నా సొంత ఎంట్రీలు. కొత్త విండో తెరిస్తే పైథాన్ లేదు, ఎడిటర్ తెరిచే కమాండ్ లేదు, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే వింగెట్ లేదు, నోడ్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎంతో గ్లోబల్‌గా పెట్టుకున్న టూల్స్ ఒక్కటీ లేవు. ఇంత చేసీ వెర్షన్ అడిగితే 16, ఎందుకంటే నేను మార్చింది యూజర్ పాత్, ఆ పాత నోడ్ ఉన్నది సిస్టమ్ పాత్, ముందు చదివేది దాన్నే.

నన్ను కాపాడింది ఒకటే, వెనకాల ఇంకో టెర్మినల్ విండో తెరిచే ఉంది. ఏ ప్రోగ్రామైనా మొదలయ్యేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని, అంటే పాత్ లాంటి సెట్టింగుల్ని, ఒక కాపీ తీసుకుని దాన్నే పట్టుకుని కూర్చుంటుంది, తర్వాత బయట ఏం మార్చినా దానికి తెలియదు. మామూలుగా మనల్ని విసిగించే విషయం ఇదే, పాత్ మార్చాం ఇంకా పాతదే చూపిస్తోందేంటి అని, ఆ రాత్రి మాత్రం అదే దేవుడైంది. ఆ పాత విండోలో పాత్‌ని ప్రింట్ చేసి నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకుని, అందులో నా యూజర్ ఫోల్డర్ కింద ఉన్నవన్నీ ఏరి ఒక్కొక్కటీ మళ్లీ పెట్టుకున్నా. ఈసారి కమాండ్‌తో కాదు, బుద్ధిగా స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని వెతికి వచ్చే విండోలో, విండోస్ 10 నుంచి అక్కడ పాత్ లైన్‌కి ఒకటి చొప్పున లిస్టులా కనిపిస్తుంది, పైకీ కిందికీ జరపొచ్చు, ఒక్క లైనే తీసేయొచ్చు. సిస్టమ్ లిస్టులో ఆ డీ డ్రైవ్ లైన్ కూడా అక్కడే తీసేశా, 20 మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. అన్నట్టు ఎడిటర్ లోపల టెర్మినల్ వాడేవాళ్లు ఆ చిన్న టెర్మినల్ ఒక్కటే మూసి తెరిస్తే సరిపోదు, ఎడిటర్ విండోలన్నీ మూసి మళ్లీ తెరవాలి, అది కూడా తన పాత కాపీనే తను తెరిచే పిల్ల టెర్మినల్స్‌కి పంచుతుంది.

ఒకటిన్నరకి నోడ్ 20 వచ్చింది. కొత్త టూల్ పనిచేసింది. ఇక పడుకోవచ్చు, కానీ ఆఫీస్ ప్రాజెక్ట్ ఒకసారి రన్ చేసి చూద్దాం అనిపించింది, చూడకపోతే నిద్ర పట్టదు, చూస్తే అసలు పట్టదు.

నోడ్ మాడ్యూల్ వెర్షన్ 93తో కంపైల్ అయింది, ఇప్పుడు 115 కావాలి అని ఎర్రర్. ఇది చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నిజానికి చాలా మర్యాదైన ఎర్రర్, ఏం జరిగిందో మొత్తం చెప్పేస్తుంది. కొన్ని ప్యాకేజీల్లో జావాస్క్రిప్ట్ కాకుండా సీ ప్లస్ ప్లస్‌లో రాసి కంపైల్ చేసిన ముక్క ఉంటుంది, అది ఏ నోడ్ కోసం కంపైల్ అయిందో దానితోనే నడుస్తుంది. 93 అంటే నోడ్ 16, 108 అంటే 18, 115 అంటే 20. ప్యాకేజీలన్నీ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడమే మందు, దీనికి మాత్రం రీఇన్‌స్టాల్ నిజంగానే మందు. కాకపోతే చాలామంది ఆ ఊపులో ఏ ప్యాకేజ్ ఏ వెర్షనో రాసి పెట్టే ప్యాకేజ్ లాక్ ఫైల్ కూడా డిలీట్ చేస్తారు, దయచేసి అది చెయ్యకండి, చేస్తే ప్యాకేజీల వెర్షన్లన్నీ కదిలిపోయి ఒక సమస్య కాస్తా పది అవుతుంది. ఎన్‌పీఎం సీఐ అని కొడితే పాత ఫోల్డర్‌ని అదే తీసేసి లాక్ ఫైల్‌లో ఏముందో సరిగ్గా అదే పెడుతుంది.

పెట్టబోయింది, మధ్యలో ఆగింది. డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదట. నేను చేసేది నోడ్ పని, ఈ పైథాన్ గోలేంటి అనుకుంటారు కదా, ఆ సీ ప్లస్ ప్లస్ ముక్కని కంపైల్ చేసే నోడ్ జిప్ (node-gyp, జిప్ ఫైల్‌కీ దీనికీ సంబంధం లేదు) అనే టూల్‌కి పైథాన్ కావాలి, పాత నోడ్ జిప్ పైథాన్‌తో పాటు వచ్చే డిస్ట్‌యుటిల్స్ మీద ఆధారపడుతుంది, 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12లో దాన్ని పూర్తిగా తీసేశారు. నేను అంతకు కొన్ని వారాల ముందే పైథాన్‌ని ఎంచక్కా 3.12కి అప్‌డేట్ చేసుకున్నా, ఆ రోజు ఏమీ పగల్లేదు, ఈ రోజు పగిలింది. అప్‌డేట్‌లతో వచ్చిన చిక్కే ఇది, పగలడం అప్పుడే పగిలితే కారణం తెలుస్తుంది, ఇవి తీరిగ్గా నెల తర్వాత పగులుతాయి. ఆ పైథాన్‌లో సెటప్‌టూల్స్ అనే ప్యాకేజ్ పెడితే డిస్ట్‌యుటిల్స్ దానితో వస్తుంది. పెట్టా. ముందుకు కదిలింది.

కదిలి బిల్డ్ దగ్గర మళ్లీ ఆగింది, ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఏదో అన్‌సపోర్టెడ్ అని. నోడ్ 17 నుంచి లోపల ఉండే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3కి మారింది, అది ఎండీ4 లాంటి పాత హ్యాష్‌లని (డేటాకి వేలిముద్ర లాంటిది తీసే పద్ధతుల్ని) ఊరికే ఇవ్వదు, మా ప్రాజెక్ట్‌లో కోడ్ ఫైళ్లన్నీ కలిపి కట్టే వెబ్‌ప్యాక్ 4కి అదే కావాలి. ఆ పాత హ్యాష్‌లని మళ్లీ వాడనిచ్చే లెగసీ ప్రొవైడర్ అనే ఆప్షన్ ఇస్తే నడుస్తుంది, నెట్‌లో ఎవర్ని అడిగినా అదే చెప్తారు, నాకు అది నచ్చదు, తలుపుకి గడియ పెట్టించి పక్కన కిటికీ తీసి పెట్టినట్టు. వెబ్‌ప్యాక్ 5కి మారడమే సరైన పని, అది రాత్రి రెండింటికి చేసే పని కాదు.

అందుకని ఇన్‌స్టాలర్‌తో పెట్టిన 20ని కూడా తీసేసి నోడ్ వెర్షన్ మేనేజర్ పెట్టుకున్నా, ప్రాజెక్ట్‌కి 16, కొత్త టూల్‌కి 20, ఒక్క కమాండ్‌తో అటూ ఇటూ మారొచ్చు. మొదటి రోజే చెయ్యాల్సింది. 16కి సపోర్ట్ 2023 సెప్టెంబర్‌లోనే అయిపోయిందని తెలుసు, అందుకే సోమవారం టీమ్‌లో వెబ్‌ప్యాక్ సంగతి ఎత్తా, అది వేరే కథ.

ఇదంతా గుర్తొచ్చింది ఎందుకంటే మొన్న మా టీమ్‌లో కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, జావా అప్‌డేట్ చేశా, అప్పట్నుంచి ప్రాజెక్ట్ లేవట్లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ పెట్టా, అయినా అదే ఎర్రర్."

"ఎన్నిసార్లు పెట్టావ్ రా?"

"మూడు సార్లు అన్నా."

"ఎర్రర్‌లో నంబర్లేమైనా ఉన్నాయా?"

"క్లాస్ ఫైల్ వెర్షన్ 61 అంటోంది, 52 వరకే తెలుసంటోంది."

క్లాస్ ఫైల్ అంటే జావా కోడ్ కంపైల్ అయితే వచ్చే ఫైల్, ఈ నంబర్లలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వచ్చేస్తుంది. 61 అంటే 17, 52 అంటే 8. అంటే వాడు కంపైల్ చేసేది కొత్త దానితో, రన్ చేసేది ఎక్కడో దాక్కున్న పాత దానితో. ఏ జావా వాడాలో చెప్పే జావా హోమ్ అనే సెట్టింగ్ ఎటు చూపిస్తోందో చూడమన్నా. కాసేపు చప్పుడు లేదు, తర్వాత చిన్నగా "దొరికింది అన్నా" అన్నాడు. మూడు సార్లు పెట్టిన 17 మూడు సార్లూ సరిగ్గానే ఉంది.

నేనిప్పుడు ఏదైనా అప్‌డేట్ చేసే ముందు పాత్ మొత్తం ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి కాపీ చేసుకుంటా, గ్లోబల్ ప్యాకేజీల లిస్ట్ కూడా, రెండు నిమిషాలు కూడా పట్టదు. ఏదైనా తేడా వస్తే అన్‌ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ముందు వేర్ కొడతా, లినక్స్‌లో అయితే టైప్ మైనస్ ఏ. నిజంగా శుభ్రంగా తీసెయ్యాల్సి వస్తే అన్‌ఇన్‌స్టాలర్ తర్వాత యాప్‌డేటాలో రోమింగ్, లోకల్ రెండు చోట్లా చూస్తా, ఎన్‌పీఎం గ్లోబల్ ఫోల్డరూ క్యాషూ ఎడిటర్ సెట్టింగులూ అక్కడే మిగిలిపోతాయి, ఇక హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కూడా, ముఖ్యంగా ఎన్‌పీఎం సెట్టింగులుండే డాట్ ఎన్‌పీఎంఆర్‌సీ, ప్యాకేజీలు ఎక్కడ్నుంచి తేవాలో ఎప్పుడో పెట్టిన రిజిస్ట్రీ అడ్రసో ప్రాక్సీనో అందులో కూర్చుని కొత్త ఇన్‌స్టాల్‌ని కూడా పాడు చేస్తుంది. వాటిని కూడా డిలీట్ చెయ్యను, పేరు చివర ఓల్డ్ అని తగిలిస్తా, పనిచేస్తే ఒక వారం ఆగి తీసేస్తా.

డీ డ్రైవ్‌లో ఆ టూల్స్ ఫోల్డర్ ఏమైంది అంటారా. దానికీ ఓల్డ్ అని పేరు పెట్టా. వారం ఎప్పుడో దాటింది, ఇంకా అక్కడే ఉంది.