ఇంగ్లీషు అక్షరాల తెలుగు: బద్ధకమా, బైట్ల లెక్కా?

ఫోన్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లని చూసి భాష నాశనమైపోతోందని వాపోవడం తేలికే. లెక్క కట్టి చూస్తే మాత్రం తప్పంతా జనానిది కాదని తెలుస్తుంది.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, బైటుకి 8 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, కాబట్టి 160 పడతాయి. తెలుగు లిపిలో ఒక్కో కోడుకీ 16 బిట్లు కావాలి. అంటే 70తో సరి. పైగా కోడంటే మనం బళ్లో దిద్దిన అక్షరం కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే, ఫోనుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

‘మీరు ఎప్పుడు వస్తున్నారు’ తీసుకోండి. ఖాళీలతో కలిపి తెలుగులో 24 కోడ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో మామూలుగా కొట్టే స్పెల్లింగులో 23. సంఖ్య ఇంచుమించు ఒకటే, చోటు మాత్రం తెలుగుకి 48 బైట్లు, ఇంగ్లీషు అక్షరాలకి 21. ఇంగ్లీషు మెసేజీ మధ్యలో ఒక్క ‘అ’ ఇరికించినా మొత్తం 16 బిట్లలోకి మారిపోతుంది. 71వ కోడు పడగానే రెండు మెసేజీల ఛార్జీ. రెండూ ఒకదాని వెనక ఒకటని ఫోనుకి చెప్పడానికి ఒక్కో దాంట్లో 6 బైట్లు పోతాయి, కాబట్టి అప్పుడు పట్టేది 67 చొప్పునే. మెసేజీకింత అని కట్టే రోజుల్లో తెలుగు లిపి ఎవరు వాడతారు? అసలు అప్పటి చాలా ఫోన్లలో తెలుగు కొడితే అవతల కనబడేవి ఖాళీ డబ్బాలే.

అంతకు ముందు తరానిదీ ఇదే ఇబ్బంది, కాకపోతే వాళ్లు దానికో పద్ధతి పెట్టుకున్నారు. 1990ల్లో యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో, అంటే అప్పటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో, నమ్మకంగా అవతలికి చేరేవి 7 బిట్ల అక్షరాలే. అందుకని అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అనే లిప్యంతరీకరణని తెలుగువాళ్లు వాడుకున్నారు. చిన్న ‘టి’ అయితే త, పెద్ద ‘టి’ అయితే ట. చిన్న ‘ఎల్’ ల, పెద్దది ళ.

ఈ రెండు రకాల తెలుగునీ ఒకే గాటన కట్టేయడం కంప్యూటర్‌తో తెలుగు రాతల మీద పరిశోధన చేసేవాళ్లు తరచు చేసే పొరపాటు. పాఠాన్ని శుభ్రం చేయడమంటే ముందుగా అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చేస్తారు. ఎస్సెమ్మెస్ తెలుగుకి దానివల్ల పెద్దగా నష్టం లేదు, అందులో పెద్దాచిన్నా తేడాకి అర్థమే లేదు. ఆర్టీఎస్ పాఠానికి అదే చేస్తే ‘పాట’ కాస్తా ‘పాత’ అయిపోతుంది, ‘కళ’ ‘కల’ అయిపోతుంది. మాటల మధ్యలో పెద్దక్షరాలు కనబడితే ముందు ఆర్టీఎస్ అని అనుమానించండి, మార్చకండి.

యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకీ గుర్తులకీ నంబర్లిచ్చే ప్రమాణంలో, తెలుగు లిపిలోనే ఉన్న పాఠంతో తిప్పలు వేరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే, పాఠంలో వెతకడానికి వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ గుణింతం గుర్తుల్ని పదంలో భాగంగా లెక్కించదు. దానితో మాటలు విడగొడితే ‘తెలుగు’ మూడు ముక్కలై త, ల, గ మిగులుతాయి. ఖాళీల దగ్గరా విరామ చిహ్నాల దగ్గరా విడగొట్టుకోవడమే మేలు.

ఇంకొకటి, ఒత్తు పడకుండా ఆపే కనబడని గుర్తు, యూనికోడ్‌లో 200సి. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు రాకుండా ఆపేది అదే. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, దాంతో వెతికితే సగమే దొరుకుతాయి. లెక్కల కోసం తీసిన నకలు నుంచి దాన్ని తొలగించండి. మూలప్రతిలో ఉంచండి, ఎందుకంటే కొన్నిసార్లు కథంతా దానిదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లని కూల్చేసిన తెలుగు అక్షరం అలాంటిదే: జ, పొల్లు, ఞ, ఈ కనబడని గుర్తు, దీర్ఘం. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. గుర్తు తీసేసిన నకల్లో వెతికితే అక్కడ దొరికేది మామూలు ‘జ్ఞా’ మాత్రమే.